స్వెటర్ వేసుకున్న కెప్టెన్

జనవరి 8, సోమవారం

పొగమంచు. తెల్లవారకముందు నుంచీ ఎయిర్‌పోర్టులో పడిగాపులు పడితే చివరికి విమానం రద్దు. ఇంటికొచ్చి వేడినీళ్ళు పోసుకున్నాక గానీ మనిషిని కాలేదు.

ఇంకో పది రోజుల్లో కమిటీ ముందు మాట్లాడాలి. నోరున్నవాణ్ణని పైలట్ల సంఘం నన్ను ముందుకు తోసింది. టెర్మినల్లో నడిచేటప్పుడు టోపీ తప్పనిసరి అనే రూలు ఎత్తెయ్యాలన్నది మా వాదన. సంఘం సెక్రటరీ గడ్డం (అతని అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు) ఫోన్ చేసి, "మేనేజ్‌మెంట్ ఇన్నేళ్ళూ మనకి టోపీ పెట్టింది, ఇక మనం తీసి వాళ్ళ చేతిలో పెడదాం" అని తన జోకుకి తనే పడీపడీ నవ్వాడు. కమిటీలో ఈ జోకు వెయ్యొద్దని బతిమాలుకున్నాను.

నా వాదన సూటిగా ఉంది. టోపీ విమానం నడపదు. కాక్‌పిట్‌లో కూర్చోగానే తీసి వెనక తగిలిస్తాం, హెడ్‌సెట్‌కి అడ్డం. ప్రయాణికుడికి కావలసింది క్షేమంగా, వేళకి దిగడం. మా నెత్తిన ఏముందో ఎవడికి కావాలి?

మధ్యాహ్నం టోపీ, కోటు బ్యాగులో కుక్కేసి, చొక్కా మీద నీలం స్వెటర్ తగిలించుకుని, ప్రయాణికులు తినేచోటికి వెళ్ళి సూప్ తాగాను. విమానం ఆలస్యమైన రోజున యూనిఫాంలో వెళ్తే ఒక్క చెంచా నోట్లో పెట్టుకోనివ్వరు. ఎప్పుడు పోతుంది, ఎందుకు పోదు, మా ఇంటర్వ్యూకి ఎవరు పూచీ. మా పైలట్లందరూ చేసే పనే ఇది. పక్కన కూర్చున్న పెద్దావిడ ఏదో అడిగింది. తెలియదన్నాను.

అంతే. చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు.

జనవరి 9, మంగళవారం

రద్దయిన మర్నాడు కెప్టెన్ తలుపు దగ్గర నిలబడి ప్రయాణికుల్ని పలకరించాలని మా కంపెనీ పద్ధతి. నిలబడ్డాను. టోపీ, కోటు, నవ్వు, అన్నీ పెట్టుకునే.

వరసలో నిన్నటి పెద్దావిడ వచ్చింది. బూడిదరంగు శాలువా చూసి గుర్తుపట్టాను. ఆవిడ నా టోపీ వంక చూసింది, తర్వాత మొహం వంక చూసింది, మళ్ళీ టోపీ వంక చూసింది.

"నిన్న నా పక్కన కూర్చుని సూప్ తాగింది మీరే కదూ?"

"రండమ్మా, నమస్కారం" అన్నాను.

"మీరా పైలట్?"

వెనక జనం తోసుకొస్తున్నారు. క్యాబిన్ సిబ్బందిని చూసుకునే పర్సర్, పెద్దావిడ భుజం మీద చెయ్యేసి, "మీ సీటు ఇటమ్మా" అని లోపలికి తీసుకెళ్ళింది. పెద్దావిడ రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది. నేను తర్వాతి ప్రయాణికుడికి నమస్కారం పెట్టాను.

ఇవాళ చిన్నోడి చేత నడిపించాను. మా కో-పైలట్. ఇరవయ్యారేళ్ళు, చెయ్యి నిలకడైనది. దిగాక, అందరూ వెళ్ళిపోయాక పర్సర్ వచ్చింది.

"పన్నెండో వరసలో పెద్దావిడ దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నారు సార్. తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నాడని నిన్న బయల్దేరారట. నిన్న సాయంత్రమే పోయాడట."

"అయ్యో."

"నిన్న వెళ్ళుంటే చివరి చూపు దక్కేది సార్ ఆవిడకి."

"పొగమంచుకి ఎవరేం చేస్తారు" అన్నాను.

పొగమంచుకి ఎవరేం చేస్తారు.

జనవరి 10

తెలియదనడం అబద్ధం కాదు. కౌంటర్లో ప్రకటించేదాకా ఎవరికీ తెలియనట్టే లెక్క.

జనవరి 11

సెలవు. కారు కడిగాను. నిన్న కడిగిన కారే అని మా ఆవిడ గుర్తుచేసింది.

జనవరి 12, శుక్రవారం

మా ఆవిడ పనికి వెళ్ళింది. ఫిజియోథెరపీ క్లినిక్ ఆవిడది, శుక్రవారాలు రద్దీ. ఇంట్లో నేను, ఈ డైరీ. ఇది ఇంకెవరూ చదివేది కాదు. ఇందులో కూడా దొంగాట ఎందుకు? ఉన్నదున్నట్టు రాస్తాను.

మధ్యాహ్నానికల్లా మంచు విడిపోయింది. మిగతా కంపెనీల విమానాలు లేస్తూనే ఉన్నాయి. మా విమానం మాత్రం ఇంకో ఊళ్ళో చిక్కుకుంది, వచ్చేసరికి సాయంత్రమవుతుంది. నేను తెల్లవారకముందే డ్యూటీ ఎక్కాను. ఒక పైలట్ ఇన్ని గంటలకి మించి పని చెయ్యకూడదని చట్టం ఉంది, మంచి చట్టం. సాయంత్రానికి నా గంటలు అయిపోతాయి. బదులు పైలట్ లేడు.

విమానాల రాకపోకలు చూసే ఆపరేషన్స్ వాళ్ళు నాకు ఫోన్ చేసి చెప్పారు: "మీ గంటలు చాలవు సార్. రద్దు చేస్తున్నాం. మూడింటికి ప్రకటిస్తాం, అందాకా బయటికి అనకండి." ఆ ఫోన్ పెట్టేశాకే నేను స్వెటర్ వేసుకున్నాను.

అంటే, ఆ విమానం పోదని ఆ టెర్మినల్లో ఖాయంగా తెలిసినవాళ్ళలో నేను ఒకణ్ణి. అది పోకపోవడానికి కారణమూ నా గంటలే. అందులో నా తప్పేం లేదు. అలిసిన పైలట్ నడపకూడదు. అది తప్పు కాదు.

పెద్దావిడ "ఏదో" అడగలేదు. అడిగింది ఇది.

"బాబూ, ఈ విమానం పోతుందంటావా? పక్క గేటులో ఇంకో కంపెనీది రెండింటికి పోతోందట, సీట్లున్నాయట. తీరా అది ఎక్కాక ఇది కూడా బయల్దేరితే నేనే తొందరపడినట్టవుతుంది. మా తమ్ముడు ఎప్పుడూ అదే అంటాడు, అక్కకి కాళ్ళు నిలవవని. ఆస్పత్రిలో ఉన్నాడు వాడు. ఏం చెయ్యమంటావు?"

"నాకూ తెలీదమ్మా. నేనూ మీలాగే ఎదురుచూస్తున్నా."

నా నెత్తిన టోపీ లేదు. ఆవిడ నెత్తిన మాత్రం పెట్టాను. గడ్డం జోకు ఇలా నా మీదే పేలింది.

ఇవాళ తెలిసినవాణ్ణి అడిగాను. రెండింటి విమానం వేళకే వెళ్ళిందట. సగం ఖాళీగా.

జనవరి 14, ఆదివారం

మా ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ అడిగింది. "ఏమైంది మీకు? వారం రోజులుగా ఇంట్లో అద్దెకున్నట్టు తిరుగుతున్నారు."

చెబుదామనే మొదలుపెట్టాను. నోరు తెరిచేసరికి కథ ఎవరిదో అయింది. "మా దగ్గర ఒకతను…" అని ఎత్తుకుని, రద్దు సంగతి ముందే తెలిసి స్వెటర్ మాటున కూర్చోవడం, పెద్దావిడ అడగడం, అతను తెలియదనడం, అంతా చెప్పాను.

"ఎవరతను?"

"నీకు తెలీదులే."

"మీతో ఎగిరేవాళ్ళలో నాకు తెలియనివాళ్ళెవరు? చిన్నోడా?"

నేను లేదనలేదు. దుప్పటి రెండో కొస పట్టుకుని మడత సరిచేశాను.

"చిన్నోడే! చూడ్డానికి నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుంటాడు. ఛీ."

"ఛీ అనేంత లేదులే. అలిసిపోయి ఉన్నాడు."

"అలిసిపోతే నోరు పడిపోతుందా?"

"కంపెనీ చెప్పొద్దంది."

"కంపెనీ చెప్పొద్దన్నది ఊరందరికీ. ప్రాణం మీదికొచ్చిన మనిషి కోసం పరిగెడుతున్న ఆవిడకి, చెవి దగ్గర ఒక్క ముక్క చెప్తే కంపెనీ కూలిపోతుందా?"

చిన్నోడి తరఫున చాలాసేపు వాదించాను. ఒక్కదానికీ ఒప్పుకోలేదు మా ఆవిడ.

జనవరి 15

చెప్పలేదు. రేపు చెబుతాను.

జనవరి 16

రేపు.

జనవరి 18, గురువారం

గెలిచాం.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల. అటు మేనేజ్‌మెంట్ వాళ్ళు, ఇటు మేము. అటువైపు మాట్లాడింది చీఫ్ పైలట్ ఒక్కరే. ఈ ఏడాది రిటైరవుతారు. కారు పార్కింగు దాకా టోపీ తియ్యని మనిషి. ఆయన చెప్పింది చిన్న మాట.

"టోపీ మన దర్జా కోసం కాదు. వెయ్యి మందిలో ఎవర్ని అడగాలో జనానికి తెలియడం కోసం."

నేను లేచాను. "అడగడానికి కౌంటర్లున్నాయి సార్. బోర్డులున్నాయి. చేతిలో ఫోన్లున్నాయి. మాకు తెలిసిందే వాళ్ళకీ తెలుస్తుంది. బోడినెత్తి వల్ల నష్టపోయిన ఒక్క ప్రయాణికుణ్ణి చూపించండి, రేపట్నుంచి స్నానానికి కూడా టోపీతో వెళ్తాను." అందరూ నవ్వారు. అటువైపు వాళ్ళు కూడా.

చీఫ్ నవ్వలేదు. కోపంగానూ లేరు. "ఒక్కటి అడుగుతాను. నువ్వెప్పుడైనా, ఎవరూ ఏమీ అడక్కుండా ఉండాలని టోపీ తీసేశావా?"

"లేదు సార్."

గొంతు వణకలేదు. ముందు కుదుపులున్నాయి, బెల్టులు పెట్టుకోండి, కంగారుపడొద్దు అని ప్రయాణికులకి చెప్పే గొంతు అది. ఆ గొంతుని ఎవరూ అనుమానించరు. ఇన్నేళ్ళ అభ్యాసం.

ఓటింగులో మాదే పైచెయ్యి. ఫిబ్రవరి ఒకటి నుంచి టోపీ ఎవరిష్టం వాళ్ళది. గడ్డం నన్ను అమాంతం కావిలించుకున్నాడు. చీఫ్ వచ్చి చెయ్యి కలిపి, "బాగా మాట్లాడావు" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. అదే మింగుడు పడటం లేదు.

జనవరి 19, శుక్రవారం

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

గెలిచినందుకు అభినందిద్దామని సాయంత్రం చిన్నోడు కేకు పట్టుకుని ఇంటికొచ్చాడు. ముందు చెప్పి రాలేదు. చెప్పుంటే ఏదో ఒకటి చెప్పి ఆపేవాణ్ణి.

మా ఆవిడ కాఫీ ఇచ్చింది, కానీ ఎదురుగా కూర్చోలేదు. తలుపుకి ఆనుకుని నిలబడింది. వాడు రెండు గుక్కలు తాగాడో లేదో, "ఒక మాట అంటాను, ఏమీ అనుకోకు" అంది.

"అనండక్కా."

"నేను ఈ ఇంట్లో నిన్ను పరాయివాడిలా చూడలేదు. అందుకే అంటున్నా. ఆ పెద్దావిడతో అలా చేశావేంటి నువ్వు? తెలిసి తెలిసి తెలీదంటావా? తమ్ముణ్ణి చూసుకోకుండా చేశావు కదా! ఆ స్వెటర్ కింద ఉన్నది పైలటా, రాయా?"

వాడు బిక్కమొహం వేశాడు. "ఏ పెద్దావిడ—" అని మొదలుపెట్టి నా వైపు చూశాడు.

నేను కేకు వైపు చూస్తున్నాను. దాని మీద క్రీముతో విమానం బొమ్మ వేయించాడు.

ఆ రోజు వాడు సిబ్బంది గదిలోనే ఉన్నాడు. నేను స్వెటర్ వేసుకుని బయటికి వెళ్ళడం చూశాడు. మర్నాడు తలుపు దగ్గర పెద్దావిడ నన్ను అడిగింది కాక్‌పిట్‌లోకి వినపడే ఉంటుంది. పర్సర్ చెప్పిందీ విన్నాడు. అన్నీ కలుపుకోవడానికి వాడికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణం నాకు నోరుంది. కమిటీలో అందర్నీ నవ్వించిన నోరు.

చిన్నోడు కప్పు కింద పెట్టాడు.

"తప్పయిపోయిందక్కా" అన్నాడు.

"నాకు చెప్పడం దేనికి? ఆవిడకి చెప్పు."

"సరేనక్కా."

గుమ్మం దాకా వెళ్ళాను వాడితో. వాడు బూట్లు వేసుకుని, లేసులు చాలా నెమ్మదిగా కట్టుకున్నాడు. నాకు టైమిచ్చాడనుకుంటా. నేను వాడుకోలేదు.

జనవరి 20, శనివారం

పొద్దున సిబ్బంది కారులో చిన్నోడు నా పక్కనే కూర్చున్నాడు. డ్రైవర్ రేడియో పెట్టుకున్నాడు. వాడు కిటికీలోకి చూస్తూ మెల్లగా అన్నాడు: "సార్, అక్కకి నేను అబద్ధం చెప్పాను. మీ ఇంట్లో, మీ ముందు, మీ మాట పోకూడదని చెప్పాను. ఇంకోసారి నా వల్ల కాదు సార్."

"అక్కర్లేదురా" అన్నాను. క్షమించమని అనాలి. ఆ ముక్క రాలేదు. దిగేటప్పుడు వాడి బ్యాగు నేను తీసి ఇచ్చాను. వాడు "పర్లేదు సార్" అన్నాడు. దేనికి అన్నాడో.

సాయంత్రం మా ఆవిడకి చెప్పాను. నిలబడే చెప్పాను. వింటూ వింటూ మొహం మాడ్చుకుంటుందనుకున్నాను. లేదు, తెల్లబోయింది.

"అంటే నిన్న ఆ పిల్లాడు…"

"ఆఁ."

"మీరు పక్కనే కూర్చుని…"

"ఆఁ."

ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళింది. చిన్నోడికే చేసింది. "నన్ను క్షమించు నాయనా" అనడం వినపడింది. నా జన్మలో ఆవిడ ఎవర్నీ ఆ మాట అడగ్గా వినలేదు.

ఇక దాచి ఏం లాభం? పన్నెండో తారీఖున మొత్తం రాశానన్నట్టు రాశాను. రాయలేదు. పెద్దావిడతో నేనూ ఎదురుచూస్తున్నా అన్నాక మాటలు ఇంకా నడిచాయి.

"నువ్వూ ఈ విమానమేనా బాబూ?" అంది.

"ఆఁ" అన్నాను. అదొక్కటీ నిజం.

"మంచిది. చదువుకున్నవాడిలా ఉన్నావు. నువ్వు ఆగుతున్నావంటే పోతుందనే కదా. అయితే నేనూ ఆగుతా" అని, లేవబోతున్నదల్లా మళ్ళీ కూర్చుంది. శాలువా సర్దుకుంది. నేను సూప్ పూర్తిచేశాను.

జనవరి 21

మా ఆవిడ అన్నం పెడుతోంది. మాట పెట్టడం లేదు.

జనవరి 22, సోమవారం

పెద్దావిడ తిరుగు టికెట్ ఇరవై నాలుగున, మా కంపెనీదే. ఆ రోజు ఏడుస్తూ పర్సర్‌కి చెప్పుకుందట. డ్యూటీలు వేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఆ విమానం నాకు మార్చమన్నాను. "అది ఎవరికీ ఇష్టంలేని ట్రిప్పు కద్సార్, కావాలని అడుగుతున్నారేంటి?" అంది. పనుందన్నాను. చిన్నోడు కూడా దానిమీదే ఉన్నాడని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను, ఎల్లుండి పెద్దావిడని కలుస్తున్నానని. "కలిసి?" అంది. రెండు రోజుల్లో అదే మొదటి మాట.

జనవరి 24, బుధవారం

ఆ ఊళ్ళో దిగి, విమానం శుభ్రం చేస్తున్నంతసేపట్లో గేటు దగ్గరికి వచ్చాను. కోటు గుండీలు పెట్టుకుని, టోపీ పెట్టుకుని. పెద్దావిడ కిటికీ పక్కన ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. మనిషి చిక్కిపోయింది.

"అమ్మా, నేను…"

"గుర్తున్నావు. సూప్."

"కూర్చోవచ్చా?"

"కుర్చీ నాది కాదుగా."

కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను. ఫోన్ రావడం దగ్గర్నుంచి, స్వెటర్ వేసుకోవడం, అన్నీ. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు.

"అయితే నీకు ముందే తెలుసు."

"తెలుసమ్మా."

"నేను అడగక ముందే."

"అవునమ్మా."

"మరి నోట్లో ఏముంది నీకు? 'ఆ విమానం ఎక్కెయ్' అనాలి. అంతేగా? ఎందుకనలేదు?"

కంపెనీ ఆంక్ష గురించి ఒక మంచి జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళాను. అది బయటికి రాలేదు. "చెబితే మీరు ఇంకా అడుగుతారు, చుట్టుపక్కల వాళ్ళు వింటారు, అందరూ మీద పడతారు, సూప్ చల్లారిపోతుందని…"

"సూపా?" అంది పెద్దావిడ.

గట్టిగా కూడా అనలేదు. సరిగా వినపడనట్టు అడిగింది. తిడితే బాగుండేది.

ఆవిడ కిటికీలోకి చూస్తూ మళ్ళీ మొదలుపెట్టింది. "నాలుగేళ్ళ కిందట మా మేనకోడలి పెళ్ళికి నేను వెళ్ళలేదు. తమ్ముడు కార్డు పంపాడు గానీ నోటితో పిలవలేదని పంతం పట్టాను. అప్పట్నుంచీ మాటల్లేవు. వాడు ఆస్పత్రిలో పడి, అక్క రావాలి అన్నాడని ఎవరో చెప్తే బయల్దేరాను. ఇప్పుడు మా మరదలు ఏమంటుందో తెలుసా? చావు మంచం మీదున్నవాడితో కూడా పంతానికి పోయి కావాలని ఆగానంటుంది. విమానం లేదే అంటే, అదే రోజు రెండింటి విమానంలో మా పక్కింటాయన వచ్చాడుగా అంటుంది. ఏం చెప్పను? పక్కన కూర్చున్న ఎవరో అబ్బాయిని నమ్మి ఆగానని చెప్తే వింటారా? రెండు వారాలున్నాను ఆ ఇంట్లో. ఒక్కసారి వదినా అని పిలవలేదు."

ఆవిడ ఒళ్ళో సంచి సర్దుకుని నా వైపు తిరిగింది.

"ఇప్పుడు నాకెందుకు చెప్పావు? నీ గుండె బరువు దించుకోడానికేగా?"

"అయ్యుండొచ్చమ్మా."

"నా దగ్గర దించితే ఎలా? దించాల్సినచోట దించు." సంచిలోంచి ఫోన్ తీసి నంబరు నొక్కి, మోగుతుండగానే నా చేతిలో పెట్టింది. "మా మరదలు. చెప్పు, నువ్వెవరో, ఏం చేశావో."

"అమ్మా, ఎక్కించడం మొదలవుతుంది—"

"మొదలవనీ. నువ్వు లేకుండా పోదుగా."

అవతల "హలో" అన్నారు. "నమస్కారమండీ. ఎనిమిదో తారీఖు మీ వదినగారు ఎక్కాల్సిన విమానానికి కెప్టెన్ని నేను" అన్నాను. యూనిఫాం, అందులోనూ ఆ మాట. చుట్టూ ఉన్నవాళ్ళ తలలన్నీ ఇటు తిరిగాయి. గొంతు తగ్గించాలనిపించింది. తగ్గిస్తే అవతల వినపడదు. రద్దు సంగతి నాకు ముందే తెలుసని, ఆవిడ రెండింటి విమానం ఎక్కడానికి లేవబోయిందని, నేను చెప్పిన అబద్ధం వల్లే మళ్ళీ కూర్చుందని, అందరూ వింటుండగా చెప్పాను. చిన్నోడు నన్ను వెతుక్కుంటూ వచ్చి, కాస్త దూరంలో ఆగిపోయాడు.

అవతల చప్పుడు లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"ఆవిడ చెప్పమంటే చెప్తున్నారా?"

"లేదండీ. నేనే వచ్చి చెప్పాను. ఆవిడకి ఇప్పటిదాకా తెలీదు."

తర్వాత వచ్చిన గొంతు వేరేగా ఉంది. "ఆయన అడుగుతూనే ఉన్నారండీ, అక్క బయల్దేరిందా, బయల్దేరిందా అని. ఆవిడ రాదు, మీరు పడుకోండి అని నేనే చెప్పాను. అదే ఆయన విన్న ఆఖరి మాట."

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఫోన్ వదినకివ్వండి" అంది.

ఇచ్చాను. పెద్దావిడ చెవి దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం విని, "ఏడవకే… ఏడవకే…" అంటూ తనే ఏడ్చేసింది. గేటు దగ్గర అమ్మాయి ఎక్కించనా అని సైగ చేసింది. ఆగమన్నాను. పెద్దావిడ ఫోన్ పెట్టేదాకా అక్కడే నిలబడ్డాను. ఆవిడ నా వైపు చూడలేదు, పొమ్మనీ అనలేదు.

ఆలస్యంగా బయల్దేరాం. తలుపులు వేశాక చిన్నోడు అడిగాడు. "ఆలస్యానికి కారణం అడుగుతున్నారు సార్. ఏం చెప్పను?"

"కెప్టెన్ అని చెప్పు."

వాడు నా వైపు చూసి, అలాగే చెప్పాడు.

దిగాక తలుపు దగ్గర నిలబడ్డాను. పెద్దావిడ నన్ను దాటుకుంటూ పర్సర్‌తో అంది: "మరదలు వచ్చే నెల మళ్ళీ రమ్మందమ్మా. నోటితోనే పిలిచింది." నాతో ఒక్క ముక్క అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

జనవరి 26, శుక్రవారం

చీఫ్ పిలిపించారు.

"ఆలస్యానికి కారణం 'కెప్టెన్' అట. నా ఉద్యోగంలో మంచు, పిట్టలు, ఒకసారి కోతి కూడా చూశాను. ఇది చూళ్ళేదు. ఏంటిది?"

అంతా చెప్పాను. కమిటీలో ఆయన అడిగినదానికి లేదన్నది అబద్ధమని కూడా చెప్పాను. చివాట్లు పెడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఒక్కటి చెప్పు. ఆ రోజు టోపీ నెత్తినుంటే ఆవిడకి నిజం చెప్పేవాడివా?"

చెప్పేవాణ్ణని అంటే ఆయన పక్షం గెలుస్తుంది. చెప్పేవాణ్ణి కాదంటే గడ్డం పక్షం. నేను నిజంగానే ఆలోచించాను.

"టోపీ ఉంటే ఆవిడ పక్కన కూర్చునేవాణ్ణే కాదు సార్. సిబ్బంది గదిలో తలుపేసుకునేవాణ్ణి."

చీఫ్ తలూపారు. "సోమవారం కమిటీని మళ్ళీ పిలుస్తాను. ఇదే మాట అందరి ముందూ అంటావా?"

"అంటాను సార్."

"నీవాళ్ళు నిన్ను బతకనివ్వరు."

"తెలుసు సార్."

"నేను కూడా ఏదో ఒక చర్య తీసుకోవాలి. తెలిసి అబద్ధమాడావు, కమిటీ ముందు."

"తీసుకోండి."

మా ఆవిడకి చెప్పాను. "సోమవారం చిన్నోణ్ణి భోజనానికి పిలుస్తున్నా. కమిటీలో ఏం చెప్పారో మీరే వాడికి చెప్పుకోండి" అంది. మాట పెట్టింది.

జనవరి 29, సోమవారం

చెప్పాను. నేను మాట్లాడుతుండగానే గడ్డం లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఓటు పెట్టారు. టెర్మినల్లో టోపీ ఉండాల్సిందే. రద్దు సంగతి తెలిసిన సిబ్బంది, ప్రయాణికులు అడిగితే చెప్పొచ్చు, అదొక కొత్త రూలు. చీఫ్ దాన్ని పట్టుబట్టి పెట్టించారు. నాకు నెల రోజులు సస్పెన్షన్. సంఘం నుంచి నన్ను తీసేశారు. బయట కారిడార్లో ఇద్దరు కుర్ర పైలట్లు నన్ను చూసి గోడవైపు తిరిగి ఫోన్లు చూసుకున్నారు.

చిన్నోడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"తప్పయిపోయిందిరా" అన్నాను.

వాడు తల ఊపాడు. పర్లేదు సార్ అనలేదు. తర్వాత, తన టోపీ తీసి చేత్తో తిప్పుతూ, "ఇంతకీ మీకు ఈ రూలు నచ్చిందా సార్?" అన్నాడు.

"లేదురా. నెత్తి దురద."